పది కోట్ల కన్నా తక్కువ అడిగేవారికి దారేది? అంతరిక్ష పరిశోధన నిధులపై నల్లగొండ చిన్న పరిశ్రమల బహిరంగ లేఖ

కేంద్ర ప్రభుత్వంలోని అంతరిక్ష శాఖ, శాస్త్ర సాంకేతిక శాఖ, సూక్ష్మ చిన్న మధ్యతరహా పరిశ్రమల శాఖలలోనూ, తెలంగాణ రాష్ట్ర పరిశ్రమల శాఖలోనూ పరిశోధన నిధుల విధానాన్ని నిర్ణయించే అధికారులకు,

నమస్కారం.

మేము నల్లగొండ, మిర్యాలగూడ, చౌటుప్పల్, జడ్చర్ల ప్రాంతాల్లో లేత్, మిల్లింగ్, సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే మిషన్ల) వర్క్‌షాపులు నడుపుకుంటున్న 23 మందిమి. రైస్ మిల్లుల షాఫ్టులు, బోరు మోటార్ల విడిభాగాలు, మందుల కంపెనీల పైపు ఫిట్టింగులు మాకు రోజువారీ కూడు పెట్టే పనులు. కొన్నేళ్లుగా మాలో తొమ్మిది మందికి హైదరాబాద్‌లోని పెద్ద వర్క్‌షాపుల నుంచి ఉపగ్రహాలకు, రాకెట్లకు సంబంధించిన చిన్న భాగాల జాబ్ వర్క్ కూడా వస్తున్నది. ఆ పని చేస్తూ నేర్చుకున్న దానితో సొంతంగా ఏదైనా కనిపెట్టి, పరీక్షించి, అమ్ముకోవాలనుకునే చిన్న వర్క్‌షాపుకు ఈ దేశంలో తొలి విడత పరిశోధన సొమ్ము ఎక్కడ దొరుకుతుందని రెండేళ్లలో మూడుసార్లు వినతిపత్రాలు ఇచ్చాము. మూడింటికీ ఇన్‌వార్డు ముద్ర పడిన రసీదులు మా దగ్గర ఉన్నాయి, రాతపూర్వక జవాబు మాత్రం ఒక్కదానికీ లేదు. అందుకే ఈ లేఖను అందరూ చదివేలా రాస్తున్నాము.

మా బాధ అర్థం కావాలంటే ముందు ఒక మడతబందు (హింజ్) గురించి చెప్పాలి. ఈ లేఖ రాస్తున్న నా వర్క్‌షాపులో మూడేళ్లుగా తయారవుతున్న వస్తువు అదే. పది సెంటీమీటర్ల ఘనాలను ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే చిన్న ఉపగ్రహాలకు సౌర ఫలకాలను మడిచి కట్టి పంపిస్తారు; కక్ష్యలోకి చేరాక స్ప్రింగు బలంతో అవి తెరుచుకోవాలి. ఇంటి తలుపుకు వేసే బందు రోజుకు వందసార్లు తిరుగుతుంది, ఎప్పుడైనా బిగుసుకుంటే రెండు చుక్కల నూనె పోస్తాము. ఉపగ్రహపు బందు మాత్రం తన జీవితంలో ఒక్కసారే తెరుచుకోవాలి, ఆ ఒక్కసారి తెరుచుకోకపోతే ఉపగ్రహానికి కరెంటు ఉండదు, పైకి వెళ్లి నూనె పోసేవాడూ ఉండడు. పోనీ ముందే నూనె పోసి పంపుదామంటే, మామూలు గ్రీజు శూన్యంలో ఆవిరై కెమెరా అద్దాలకు అంటుకుంటుంది. ఏమీ పూయకుండా పంపితే, పైపొర అరిగిపోయిన రెండు లోహపు ముఖాలు ఆ శూన్యంలో ఒకదానినొకటి అతుక్కుపోయే ప్రమాదం ఉంది. అందుకని మాలిబ్డినం డైసల్ఫైడ్ వంటి పొడి కందెనలు వాడతారు. ఆ పూత మందం, పిన్నుకూ రంధ్రానికీ మధ్య వదలాల్సిన సందు, స్ప్రింగు బలం, ఈ మూడూ కుదరడమే అసలు పని. తొలి నలభై బందుల్లో ముప్పై నాలుగు స్క్రాప్‌లోకి పోయాయి.

ఇంత చిన్న వస్తువుకు ఇంత చరిత్ర ఎందుకని తమరు అనుకోవచ్చు. మన దేశం తయారుచేయగా 1981లో ఐరోపా రాకెట్ మీద వెళ్లిన ఆపిల్ ఉపగ్రహాన్ని ఎడ్లబండి మీద నిలబెట్టిన ఫోటో బడిపిల్లలకు కూడా తెలుసు. కక్ష్యలోకి వెళ్లాక దాని రెండు సౌర ఫలకాల్లో ఒకటి తెరుచుకోలేదన్న సంగతి తక్కువమందికి తెలుసు. మన శాస్త్రవేత్తలు ఆ ఒంటి రెక్కతోనే దానిచేత రెండేళ్లకు పైగా పనిచేయించడం వారి గొప్పతనం. అమెరికావారు బృహస్పతి గ్రహం వైపు పంపిన గెలీలియో నౌక ప్రధాన యాంటెన్నా 1991లో గొడుగులా విచ్చుకోవాల్సి ఉండగా సగంలోనే ఆగిపోయింది. ప్రయోగానికి ముందు ఆ యాంటెన్నాను ట్రక్కుల్లో అటూ ఇటూ తిప్పినప్పుడు దాని పిన్నుల మీది పొడి కందెన అరిగిపోయి ఉండవచ్చునని తరువాత తేల్చారు. వేల కోట్ల యాత్రలు ఇట్లాంటి చిన్న భాగాల దగ్గర ఆగిపోతాయి, ఆ చిన్న భాగాలు చేయడమే మావంటి వారి వృత్తి.

ఈ బందు మీద ఇప్పటివరకు రూ. 9 లక్షల 60 వేలు ఖర్చయ్యాయి. ఇక మిగిలింది పరీక్షలు. రాకెట్ కుదుపులను తట్టుకుంటుందో లేదో కంపన పరీక్షలో చూడాలి. భూమికి దగ్గరి కక్ష్యలో దాదాపు గంటన్నరకొకసారి ఎండ, చీకటి మారుతుంటాయి కనుక శూన్య గదిలో వేడిచేసి, చల్లబరిచి, మళ్లీ వేడిచేసి తెరుచుకునేదీ లేనిదీ చూడాలి. వాడిన పూతలు, జిగురులు శూన్యంలో 125 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచినప్పుడు బరువులో 1 శాతానికి మించి కోల్పోకూడదు. ఇవన్నీ దాటి, తప్పు బయటపడితే మళ్లీ చేసి, మళ్లీ పరీక్షించడానికి మా లెక్క ప్రకారం ఇంకో రూ. 18 లక్షలు కావాలి. మేము అడిగినది ఆ సొమ్ము. ఒకచోట, మీ సంస్థ 2009లో నమోదైంది కాబట్టి మీరు స్టార్టప్ కిందికి రారని చెప్పి పంపారు. ఇంకొకచోట ఇంత చిన్న మొత్తానికి ఫైలు నడపలేమన్నారు. మరొకచోట పద్నాలుగు నెలలుగా దరఖాస్తు ‘పరిశీలనలో’ ఉంది. ఆ కార్యాలయాల పేర్లు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే మా తగాదా ఏ ఒక్క అధికారితోనూ కాదు. వారు నిబంధనల ప్రకారమే నడిచారు. ఆ నిబంధనల మీదనే మా ఫిర్యాదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని మేము అనడం లేదు. 2020లో అంతరిక్ష రంగం తలుపులు ప్రైవేటుకు తెరిచి, ప్రైవేటు సంస్థలకు అనుమతులు, ప్రోత్సాహం ఇచ్చే ఇన్-స్పేస్‌ను ఏర్పాటు చేశారు. 2022 నవంబర్ 18న హైదరాబాద్ యువకుల స్కైరూట్ సంస్థ విక్రమ్-ఎస్ రాకెట్‌ను శ్రీహరికోట నుంచి ఎగరేసినప్పుడు మా వాడలో మిఠాయిలు పంచుకున్నాము. 2023లో అంతరిక్ష విధానం వచ్చింది. మన రాష్ట్రం అంతకు ముందే, 2022 ఏప్రిల్‌లో, స్పేస్‌టెక్ విధానాన్ని కంప్యూటర్లలోని ఊహాలోకమైన మెటావర్స్‌లో ఆవిష్కరించింది; మా పారిశ్రామిక వాడ మాత్రం ఇంకా నేల మీదనే ఉంది. డబ్బు కూడా కేటాయించారు, కాదనలేము. అయితే ఆ డబ్బు ఏ మొత్తం దగ్గర మొదలవుతుందో, ఎవరి దగ్గర మొదలవుతుందో దయచేసి చూడండి.

2024 అక్టోబర్‌లో కేంద్ర మంత్రివర్గం అంతరిక్ష సంస్థల కోసం సంస్థల్లో వాటా తీసుకుని పెట్టుబడి పెట్టే రూ. 1,000 కోట్ల వెంచర్ నిధిని ఆమోదించింది. దాని నుంచి ఒక్కో సంస్థలో పెట్టే పెట్టుబడి రూ. 10 కోట్ల నుంచి రూ. 60 కోట్ల వరకు ఉంటుందని ప్రకటించారు. సుమారు 40 సంస్థలకు మేలు జరుగుతుందన్నారు. నా వర్క్‌షాపు మొత్తం ఏడాది వ్యాపారం కోటీ నలభై లక్షలు, అటువంటప్పుడు పది కోట్లకు వాటా ఇవ్వడానికి నా దగ్గర ఏముంటుంది? 2025లో వచ్చిన రూ. 500 కోట్ల సాంకేతిక స్వీకరణ నిధి చిన్న సంస్థలకు ప్రాజెక్టు ఖర్చులో 60 శాతం వరకు భరిస్తుంది. ఇది మంచి పథకమే, కానీ మిగతా 40 శాతం మేమే తెచ్చుకోవాలి. అదే ఏడాది ఆమోదం పొందిన లక్ష కోట్ల రూపాయల పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణ పథకం సాంకేతిక సన్నద్ధత 4వ స్థాయికి చేరిన పనులకు, అంటే ప్రయోగశాలలో అప్పటికే రుజువైన వాటికి, ప్రధానంగా తక్కువ వడ్డీ దీర్ఘకాలిక రుణాల రూపంలో డబ్బు ఇస్తుంది. ఆ 4వ స్థాయికి చేరడానికే కదా మాకు సాయం కావలసింది! ఇక 2021లో రూ. 945 కోట్లతో మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో నమూనా రుజువు చేయడానికి రూ. 20 లక్షల వరకు గ్రాంటు పెట్టారు. మేము వెతికినవాటిలో మా అవసరానికి సరిగ్గా సరిపోయే మొత్తం అదొక్కటే. కానీ దరఖాస్తు నాటికి సంస్థ పుట్టి రెండేళ్లు దాటకూడదన్నారు. పదిహేనేళ్లు లేత్ ముందు నిలబడి మైక్రాన్ల లెక్క నేర్చుకున్నవాడికి ఆ అనుభవమే అనర్హత అయింది.

అమెరికాలో ఈ సమస్యను ఎట్లా పరిష్కరించారో చెప్పడం అక్కడి వైభవాన్ని పొగడడానికి కాదు, ఒక లెక్క చూపడానికి. బయటివారితో చేయించే పరిశోధనకు ఏటా పది కోట్ల డాలర్లకు మించి ఖర్చుపెట్టే ప్రతి కేంద్ర ప్రభుత్వ సంస్థా అందులో కొంత శాతాన్ని 500 మందికి మించని చిన్న సంస్థలకే కేటాయించాలని 1982లో చట్టం చేశారు. మొదట 0.2 శాతంతో మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ 2017 నాటికి 3.2 శాతానికి తెచ్చారు. ఆ పద్ధతిలో నాసా మొదటి దశలో ఆరు నెలలకు లక్షన్నర డాలర్ల వరకు, అంటే మన లెక్కలో కోటి రూపాయలకు పైనే, ఆలోచన సాధ్యమో కాదో తేల్చుకోవడానికి ఇస్తూ వచ్చింది. తేలితే రెండో దశలో రెండేళ్లకు ఎనిమిదిన్నర లక్షల డాలర్ల వరకు. సంస్థలో వాటా అడగరు, అప్పుగా రాసుకోరు. 2014లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో పెట్టిన తొలి త్రీడీ ప్రింటర్ ఈ దారిలో వచ్చినదే. ఈ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. వస్తువు అమ్మకుండా దరఖాస్తులు రాసుకుంటూనే బతికే సంస్థలు అక్కడ తయారయ్యాయన్న విమర్శ చాలాకాలంగా ఉంది. ఆ లోపాన్ని ముందే అడ్డుకునే షరతును కింద మేమే సూచిస్తున్నాము.

తొలి విడత సొమ్ము లేకపోవడం వల్ల మామూలు మనుషులకు జరుగుతున్నదేమిటో తమ దృష్టికి తెస్తున్నాము.

1. పరిశోధన ఖర్చు ఇంటి మీద పడుతున్నది. బ్యాంకు మేనేజరు మిషను కొనడానికి అప్పు ఇస్తాడు, ఎందుకంటే మిషనును తాకట్టు పెట్టుకోవచ్చు. స్క్రాప్‌లోకి పోయే ముప్పై నాలుగు ముక్కలకు ఏ బ్యాంకూ అప్పు ఇవ్వదు. కాబట్టి ఆ డబ్బు భార్య పుస్తెలతాడు నుంచి, తండ్రి పేరు మీది రెండెకరాల నుంచి వస్తుంది. మాలో జడ్చర్ల మిత్రుడొకరు ఒక చిన్న వాల్వు మీద చేసిన ప్రయత్నం రెండోసారి విఫలమయ్యాక, కూతురి ఇంజనీరింగ్ ఫీజు కట్టడానికి ఉన్న ఒక్క మిల్లింగ్ మిషనునూ అమ్ముకున్నారు. ప్రయోగం విఫలం కావడం శాస్త్రంలో మామూలు విషయమని పెద్ద ప్రయోగశాలల్లో చెబుతారు. ఆయన ఇంట్లో అది మామూలు విషయం కాలేదు.

2. పనిమంతులు నిలవడం లేదు. ఐటీఐలో టర్నర్, ఫిట్టర్ చదివిన పిల్లలు మా దగ్గరికి వచ్చేటప్పటికి డ్రాయింగు చదవడం మాత్రమే వస్తుంది. మైక్రోమీటరు పట్టే చేతికి నమ్మకం కుదరడానికి రెండేళ్లు పడుతుంది. సరిగ్గా అప్పుడే వారు హైదరాబాద్‌లోని బాలానగర్‌కో చర్లపల్లికో వెళ్లిపోతారు, ఒక్క గదిలో ఆరుగురు ఉండి, వచ్చిన జీతంలో సగం అద్దెకూ తిండికీ పెట్టి, పండుగకు మాత్రం ఊరికి వస్తారు. వారిని తప్పుపట్టలేము. రైస్ మిల్లు షాఫ్టు తిప్పే పనికి మేము ఇవ్వగలిగిన జీతం అంతే. సొంత వస్తువు ఉన్న వర్క్‌షాపు మాత్రమే ఎక్కువ జీతం ఇవ్వగలదు. పాలమూరు వలసల గురించి దశాబ్దాలుగా సభలు జరుగుతున్నాయి, పార పట్టుకుని వెళ్లినవారి గురించి మాట్లాడుతున్నారు. వెర్నియర్ కాలిపర్ పట్టుకుని వెళ్తున్నవారి గురించి కూడా ఒకసారి మాట్లాడాలి.

3. మా తెలివి మా పేరున ఉండడం లేదు. జాబ్ వర్క్‌లో డ్రాయింగు వారిది, మెటీరియల్ వారిది. ఇట్లా చేస్తే పగుళ్లు రావని, ఈ మూలలో గుండ్రం ఇస్తే బరువు తగ్గుతుందని మేము చెప్పిన మార్పు కూడా మరుసటి వారానికి వారి డ్రాయింగులో వారి సవరణగా వస్తుంది. పరీక్షించి రుజువు చేసుకునే స్తోమత మాకు లేదు గనుక వాదించలేము.

4. బిల్లుల ఆలస్యం చిన్న పరిశోధనను మొదటే మింగేస్తున్నది. చిన్న పరిశ్రమల 2006 చట్టం ప్రకారం మాకు రావలసిన బిల్లును 45 రోజులు దాటకుండా చెల్లించాలి, దాటితే వడ్డీ కట్టాలి. ఫిర్యాదు చేస్తే తరువాతి ఆర్డరు రాదని అందరికీ తెలుసు, అందుకే ఎవరూ చేయరు.

5. దేశానికీ నష్టమే. ఒక చిన్న భాగం చేయగలిగినవారు ఇద్దరో ముగ్గురో ఉన్నచోట వారిలో ఒకరికి జ్వరం వచ్చినా ఉపగ్రహం ఆలస్యమవుతుంది. షాద్‌నగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం భారీ యాంటెన్నాలను మా ఉమ్మడి పాలమూరు జిల్లా ప్రజలు ఏళ్ల తరబడి బస్సు కిటికీల్లోంచి చూస్తున్నారు. వాటికి బొమ్మలు పంపే ఉపగ్రహాల్లో ఒక్క బందైనా ఇక్కడిది ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదనుకుంటాము.

ఇక మా విజ్ఞప్తులు.

1. అంతరిక్ష శాఖ బడ్జెట్‌లో ఒక నిర్ణీత శాతాన్ని చిన్న సంస్థల తొలి దశ పరిశోధనకు చట్టబద్ధంగా కేటాయించాలి. 2025-26లో ఆ శాఖకు కేటాయించినది సుమారు రూ. 13,416 కోట్లు. అమెరికా శాతం బయటి పరిశోధన ఖర్చు మీద లెక్కించేది, మొత్తం బడ్జెట్ మీద కాదు, ఆ తేడా మాకు తెలుసు. అయినా వారు మొదలుపెట్టిన 0.2 శాతాన్నే ఇక్కడ మొత్తం మీద లెక్కవేస్తే దాదాపు రూ. 26 కోట్ల 80 లక్షలు అవుతుంది, ఒక్కొక్కరికి రూ. 20 లక్షల చొప్పున 134 వర్క్‌షాపులకు సరిపోతుంది. ఆ 134 లో వంద విఫలమైనా, మిగిలిన ముప్పై నాలుగు భాగాలు దిగుమతి చేసుకోనక్కరలేదు. నా స్క్రాప్ డబ్బా లెక్క కన్నా అది చాలా నయం.

2. ఆ సొమ్ము గ్రాంటుగా ఉండాలి. వాటా, తాకట్టు, 40 శాతం సొంత పెట్టుబడి వంటి షరతులు తొలి దశలో వద్దు. దానికి బదులు కఠినమైన గడువు పెట్టండి: ఎనిమిది నెలల్లో వస్తువును, పరీక్ష నివేదికను బల్ల మీద పెట్టాలి. ఒకే సంస్థకు జీవితకాలంలో మూడుసార్లకు మించి తొలి దశ గ్రాంటు ఇవ్వకూడదు. రెండుసార్లు తీసుకుని ఒక్క వస్తువూ అమ్మలేనివారికి మూడోది ఇవ్వకూడదు.

3. సంస్థ వయసు చూడకండి. చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం నమోదు, మూడేళ్ల జీఎస్టీ రిటర్నులు, మిషన్ల జాబితా, చేసిన భాగాల నాణ్యత నివేదికలు చూడండి.

4. పరీక్షలకు కూపన్లు ఇవ్వండి. అహ్మదాబాద్ బోపల్‌లోని ఇన్-స్పేస్ సాంకేతిక కేంద్రంలో కంపన పరీక్షకు, ఉష్ణ-శూన్య పరీక్షకు వసతులు ఉన్నాయి. హైదరాబాద్ రాయదుర్గంలో నమూనాలు తయారుచేసుకునే కేంద్రం టీ-వర్క్స్ ఉంది. నమూనా తయారుచేయడం మాకు చేతనైన పనే, పరీక్షకు వెళ్లి రావడమే భారం. ఫీజు, ఇద్దరి రైలు చార్జీలు, వారం రోజుల బస ఖర్చు గ్రాంటులో భాగంగా భరించాలి. దక్షిణ తెలంగాణలో ఏదైనా ఒక చోట, నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనో మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయంలోనో, చిన్న భాగాలకు సరిపోయే ఒక కంపన యంత్రం, ఒక చిన్న శూన్య గది పెడితే ఇక్కడి విద్యార్థులకూ అది పాఠమవుతుంది.

5. డిజైను హక్కు కనిపెట్టిన వర్క్‌షాపుకే ఉండాలి. అమెరికా పద్ధతిలో ఇట్లాంటి సమాచారానికి 20 ఏళ్ల రక్షణ ఉంది. మాకు పదేళ్లు ఇచ్చినా చాలు.

6. తెలుగులో దరఖాస్తు చేసుకునే వీలు ఉండాలి. మాలో సగం మంది డ్రాయింగును ఏ దేశపు ఇంజనీరుతోనైనా సమానంగా చదవగలరు, కానీ నలభై పేజీల ఇంగ్లిషు ప్రతిపాదన రాయలేరు. ఇప్పుడు ఆ పేజీలు కన్సల్టెంట్లు రాస్తున్నారు, ముందే ఫీజు తీసుకుంటున్నారు. తెలుగులో ఐదు పేజీలు, ఒక డ్రాయింగు, ఒక నమూనా చాలని చెప్పండి. అనుమానం ఉంటే మిషను ముందు నిలబెట్టి ప్రశ్నలు అడగండి.

7. దరఖాస్తు అందిన 90 రోజుల్లో అవునో కాదో రాతపూర్వకంగా చెప్పాలి. కాదంటే కారణం రాయాలి. దీనికి పైసా ఖర్చు లేదు కాబట్టి దీన్ని రేపటి నుంచే అమలు చేయవచ్చు.

ఈ లేఖ ప్రతిని సంతకాలతో సహా నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా పరిశ్రమల కేంద్రాల్లో అందజేస్తున్నాము. మాకు పని ఇచ్చేవారితో చిక్కులు రాకూడదని ఇక్కడ పేర్లు వేయలేదు, అంతకుమించి దాచేది లేదు. అరవై రోజుల్లోగా నల్లగొండలోగాని మహబూబ్‌నగర్‌లోగాని ఒక పూట బహిరంగ సమావేశం ఏర్పాటు చేసి, పైన చెప్పిన విజ్ఞప్తుల్లో ఏవి సాధ్యమో, ఏవి కావో, ఎందుకు కావో చెప్పవలసిందిగా కోరుతున్నాము. ఆ సమావేశానికి మేము తెరుచుకున్న ఆరు బందులనూ, తెరుచుకోని ముప్పై నాలుగింటినీ తీసుకువస్తాము.

ఇట్లు,
నల్లగొండ పారిశ్రామిక వాడలోని ఒక చిన్న వర్క్‌షాపు యజమాని,
నల్లగొండ, మిర్యాలగూడ, చౌటుప్పల్, జడ్చర్ల ప్రాంతాల 22 మంది తోటి యజమానుల తరఫున కూడా.